పాఠశాలలో విదేశీ భాష

ఇంట్లో గాని, వీధిలో గాని, ఆఫీసుల్లో గాని వినపడని భాషను బడిలో ఒక పాఠంగా నేర్చుకోవడాన్ని విదేశీ భాషా విద్య అంటారు. దీన్ని రెండో భాష చదువుతో కలిపి చూడకూడదు. గుంటూరు పిల్లవాడికి ఇంగ్లీషు మాతృభాష కాకపోయినా, బడి దాటి బయటికి వస్తే దుకాణాల బోర్డుల మీద, ఫోన్‌లో, మందుచీటీ మీద అది కనిపిస్తూనే ఉంటుంది. ఫ్రెంచి, జర్మన్, జపనీస్ అలా కాదు. గంట కొట్టగానే ఆ భాష కూడా పుస్తకంతో పాటు సంచీలోకి వెళ్లిపోతుంది. ఈ చదువులోని కష్టమంతా అక్కడే ఉంది. అన్నిటికంటే పెద్ద ప్రయోజనం కూడా అక్కడి నుంచే పుడుతుంది. గాలిలో దొరకని భాషను ఒక్కొక్క మాటగా ఏరి పేర్చుకోవాలి కనుక, భాష అనేది ఎలా అల్లుకుని ఉంటుందో పిల్లలకు మొదటిసారి తెలిసివస్తుంది.

విదేశీ భాష నేర్పాలనేవాళ్లు సాధారణంగా ఉద్యోగాల మాట చెబుతారు, మెదడు చురుకవుతుందంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ తరగతి గదిలో ఎవరైనా కూర్చుని చూడగలిగిన మేలు వేరే ఉంది: విదేశీ భాష నేర్చుకునే పిల్ల తన సొంత భాషను కొత్త కళ్లతో చూడడం మొదలుపెడుతుంది. ఈ వ్యాసంలో దానికే ఎక్కువ చోటు దక్కింది.

పద్ధతులు మారిన తీరు

ఐరోపా బడుల్లో చాలా శతాబ్దాల పాటు పరభాష అంటే లాటినే. వ్యాకరణ సూత్రాలు బట్టీ పట్టించడం, వాక్యాలను అటూ ఇటూ అనువాదం చేయించడం, తప్పితే బెత్తం. పిల్లలు భయం లేకుండా నేర్చుకునే దారి వెతికినవాళ్లలో చెక్ విద్యావేత్త కొమీనియస్‌ను ముందు చెప్పుకోవాలి. ఆయన 1658లో న్యూరెంబర్గ్‌లో వెలువరించిన ‘ఆర్బిస్ పిక్టస్’లో ప్రతి పాఠానికీ ఒక బొమ్మ, బొమ్మలోని వస్తువులకు అంకెలు, ఆ అంకెలను బట్టి లాటిన్‌లోనూ జర్మన్‌లోనూ వాటి పేర్లు ఉంటాయి. ఇవాళ ఎల్‌కేజీ పిల్లల చేతుల్లో ఉండే బొమ్మల పుస్తకాలన్నీ ఆ వంశానివే.

19వ శతాబ్దం చివర మాట్లాడే భాషకు విలువ పెరిగింది. 1878లో అమెరికాలోని ప్రావిడెన్స్‌లో మాక్సిమిలియన్ బెర్లిట్జ్ పెట్టిన బడిలో నేర్చుకునేవాళ్ల భాష వాడకుండానే కొత్త భాష చెప్పేవారు. 1882లో జర్మన్ పండితుడు విల్‌హెల్మ్ వియెటోర్ ‘భాషా బోధన దారి మళ్లాలి’ అన్న అర్థం వచ్చే శీర్షికతో, మారుపేరుతో ఒక కరపత్రం వేశాడు. ముందు చెవి, తరవాత నోరు, ఆ తరవాతే పుస్తకం అన్నది ఆయన వాదన. ప్రత్యక్ష పద్ధతి అని తరవాత పేరు పడ్డ బోధన ఈ ఆలోచనల్లోంచే పెరిగింది.

ఒక విదేశీయుడు మన భాష నేర్చుకోబోవడం వల్ల మనకు జరిగిన మేలు ఒకటి ఆ కాలానిదే. 1906-07 ప్రాంతాల్లో ఉత్తర సర్కారు జిల్లాల్లో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా ఉన్న జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర తెలుగు నేర్చుకున్నాడు. పుస్తకంలో చదివిన తెలుగు ఒకటి, బడిలో పంతులూ పిల్లలూ మాట్లాడే తెలుగు మరొకటి. ఈ రెండింటికీ ఇంత తేడా ఎందుకని అడిగాడు. విశాఖపట్నంలో పి.టి. శ్రీనివాస అయ్యంగారు ద్వారా ఆ ప్రశ్న గురజాడ అప్పారావు దగ్గరికి, గిడుగు రామమూర్తి దగ్గరికి చేరింది. వాడుక భాషా ఉద్యమానికి అది ఒక మొదలు. పుట్టినప్పటి నుంచి తెలుగు మాట్లాడేవాళ్లకు అలవాటుపడిపోయిన విషయం, నేర్చుకోవడానికి వచ్చిన పరాయివాడికి ఇబ్బందిగా తగిలింది. గిడుగు మాత్రం ఆ అనుభవాన్ని అప్పటికే మరో వైపు నుంచి చవిచూసి ఉన్నారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ ఆయన కొండల్లోని సవరల భాష పట్టుబట్టి నేర్చుకున్నారు. లిపి లేని, పుస్తకం లేని ఆ భాషను మనుషుల నోటి నుంచే పట్టుకోవాల్సి వచ్చింది. సవర భాష మీద ఆయన రాసిన గ్రంథం 1931లో మద్రాసులో అచ్చయింది. జనం నోట్లో ఉన్నదే భాష అన్న ఆయన నమ్మకానికి సవరలు కూడా గురువులే.

విదేశీ భాషను బడి నుంచి తరిమిన సందర్భాలూ ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంతో అమెరికాలో జర్మన్ భాష మీద ద్వేషం రేగి, 1919లో నెబ్రాస్కా రాష్ట్రం ఎనిమిదో తరగతి పూర్తికాని పిల్లలకు ఇంగ్లీషు తప్ప మరే ఆధునిక భాషా నేర్పకూడదని చట్టం చేసింది. చర్చి బడిలో పదేళ్ల పిల్లవాడి చేత జర్మన్ చదివించినందుకు రాబర్ట్ మేయర్ అనే ఉపాధ్యాయుడికి జరిమానా పడింది. ఆయన చివరిదాకా పోరాడాడు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. మళ్లీ అదే దేశం, 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను పంపగానే కంగారుపడి, 1958లో చేసిన చట్టంతో గణితం, విజ్ఞాన శాస్త్రాలతో పాటు విదేశీ భాషలకూ నిధులు కుమ్మరించింది.

2001లో ఐరోపా మండలి భాషా నైపుణ్యాన్ని ఎ1 నుంచి సి2 వరకు ఆరు మెట్లుగా విడగొట్టి ఒక కొలమానం ప్రకటించింది. వ్యాకరణం ఎంత వచ్చు అని కాకుండా ఆ భాషలో ఏం చేయగలరు అని అడగడం దీని ప్రత్యేకత. ఎ1 వచ్చినవాడు తన పేరూ ఊరూ చెప్పి, టీ అడిగి తాగగలడు. బి2 వచ్చినవాడు ఆస్పత్రిలో రోగితో మాట్లాడి కేసు షీటు రాయగలడు. హైదరాబాదులో జర్మన్ నేర్చుకునే నర్సులు ‘బి1 అయిపోయింది, బి2 రాస్తున్నా’ అని చెప్పుకునేది ఈ మెట్ల లెక్కనే.

సొంత భాష కళ్లబడడం

ఆరో తరగతి ఫ్రెంచి పిరియడ్ అనుకుందాం. టీచరు బోర్డు మీద ‘ను’ అనే సర్వనామం రాసి, దీనికి మేము అని అర్థం అంటుంది. వెనక బెంచీలోంచి ఒక చెయ్యి లేస్తుంది.

‘మేడమ్, మరి మనం అంటే?’

‘దానికీ అదే మాట.’

‘అట్లయితే, వాళ్లు సినిమాకి పోతున్నాం అన్నప్పుడు నేను కూడా పోవచ్చో లేదో ఎట్లా తెలుస్తుంది?’

ఆ ప్రశ్న అడిగిన పిల్ల అప్పటిదాకా మేము, మనం అనే మాటలు రోజుకు వందసార్లు వాడింది. ఒక్కసారి కూడా పొరపడలేదు. కానీ ఎదుటివాళ్లను కలుపుకోవడం, కలుపుకోకపోవడం అనే తేడాను తన భాష మాటలోనే పెట్టిందని ఆమెకు ఆ రోజే తెలిసింది. ఇంగ్లీషులోనూ ఆ తేడా లేదు. కానీ ఇంగ్లీషును ఊహ తెలియకముందే మొదలుపెట్టింది కనుక ఆ సంగతి తట్టలేదు.

జర్మన్ క్లాసులో మరొకటి జరుగుతుంది. జర్మన్‌లో ‘మేట్‌షెన్’ అంటే అమ్మాయి. ఆ మాట స్త్రీలింగం కాదు, నపుంసక లింగం. చిన్నతనాన్ని తెలిపే ‘-షెన్’ ప్రత్యయం చివర చేరితే ఏ మాటైనా ఆ లింగంలోకే పోతుంది. ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు దీన్ని వింతగా చెప్పుకుంటారు. తెలుగు పిల్ల నిజానికి నవ్వనక్కర్లేదు. ‘అమ్మాయి వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది’ అని మూడింటికీ ఒకే క్రియ వాడేది మనమే. బహువచనంలోకి వెళ్లగానే అమ్మాయిలు మగవాళ్లతో కలిసి ‘వచ్చారు’ అవుతారు, ఆవులూ బస్సులూ ‘వచ్చాయి’ అవుతాయి. చిన్నయసూరి బాలవ్యాకరణంలో మహత్తు, మహతి, అమహత్తు అని విడదీసి చెప్పింది ఈ సంగతే. తొమ్మిదో తరగతి తెలుగు పరీక్ష కోసం బట్టీ పట్టే ఆ మాటలకు జర్మన్ క్లాసులో ప్రాణం వస్తుంది.

ఇంకొక ఉదాహరణ. చలేస్తే ఇంగ్లీషువాడు ‘నేను చల్లగా ఉన్నాను’ అన్నట్టుగా చెబుతాడు. తెలుగువాళ్లం ‘నాకు చలిగా ఉంది’ అంటాం. జర్మన్లు ‘మీర్ ఇస్ట్ కాల్ట్’ అంటారు: మీర్ అంటే నాకు, ఇస్ట్ అంటే ఉంది, కాల్ట్ అంటే చలి. ఆకలి, దప్పిక, భయం, ఇష్టం మనిషి చేసే పనులు కావు, మనిషికి కలిగేవి అన్న చూపు తెలుగు వాక్యంలో ఉంది. అలాంటి చూపే ఐరోపాలోని ఒక భాషలో ఒక మూల కనపడేసరికి పిల్లలకు కలిగే సంబరం చూడవలసిందే.

ఇక జపనీస్ నేర్చుకునే తెలుగు పిల్లలు చాలామంది మొదటి నెలలోనే ఒక మాట అంటారు: ఇది మనలాగే ఉంది. అన్నం తింటాను అనడానికి ‘గోహన్ ఓ తబెమస్’. గోహన్ అన్నం, ఓ మన ‘ని’ లాంటి విభక్తి, తబెమస్ తింటాను. క్రియ చివరే వస్తుంది. ప్రశ్న కావాలంటే చివర ‘కా’ తగిలిస్తే చాలు: ‘తబెమస్ కా’ అంటే ‘తింటారా’. టోక్యో నుంచి అనాలంటే ‘తోక్యో కరా’. ‘నుంచి’ పేరుకు వెనకే వస్తుంది గాని ఇంగ్లీషులోలాగా ముందుకు రాదు. ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు వాక్యాన్ని తిరగేసి చెప్పడానికి పడ్డ పాట్లన్నీ ఇక్కడ అక్కర్లేదు. మనం బస్సు, బుక్కు అని చివర అచ్చు చేర్చినట్టే వాళ్లూ ‘బసు’, ‘బుక్కు’ అంటారు. రెండు భాషలకూ చుట్టరికం ఉందని దీనికి అర్థం కాదు. వేల మైళ్ల దూరంలో ఉన్న రెండు జాతులు వాక్యాన్ని ఒకే వరసలో పేర్చుకున్నాయి, అంతే. కానీ తన తెలుగు వాక్యం తిరగేసిన ఇంగ్లీషు వాక్యం కాదని, లోకంలో చాలా భాషలు నడిచే దారే తనదీ అని పన్నెండేళ్ల పిల్లవాడికి తెలియడం చిన్న విషయం కాదు. ఇంగ్లీషు రాదని తలవంచుకునే పిల్లలున్న చోట ఇది ధైర్యం కూడా.

సోవియట్ మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ 1934లో వెలువడిన గ్రంథంలో ఈ విషయాన్ని ఒక పోలికతో వివరించాడు. అంకగణితం వచ్చినవాడు బీజగణితం నేర్చుకుంటే, తాను అప్పటిదాకా చేస్తున్న లెక్కలు ఒక పెద్ద పద్ధతిలో భాగమని గ్రహిస్తాడు. మాతృభాష వచ్చిన పిల్లవాడికి పరభాష చేసేదీ అదే. ఆ తరవాత కెనడాలో జిమ్ కమిన్స్ 1979 నుంచి చెబుతూ వచ్చిన సిద్ధాంతం దీనికి మరో కొస. పిల్లల మాతృభాష పునాది గట్టిగా ఉంటేనే దాని మీద రెండో భాష నిలబడుతుంది, చదివి అర్థం చేసుకునే శక్తి ఒక భాషలో సంపాదిస్తే రెండోదానికీ పనికొస్తుంది. రెండూ కలిపి చూస్తే విదేశీ భాష తెలుగుకు పోటీ కాదు, తెలుగు తరవాతి పాఠం. తెలుగు చదవడం రాయడం సరిగా రాని పిల్లవాడికి ఫ్రెంచి పెట్టడం పునాది లేని చోట మేడ లేపడం.

పరభాష నేర్పే చోట కొత్త జ్ఞానం పుట్టడానికి మద్రాసు సాక్ష్యం. ఈస్టిండియా కంపెనీ కొలువుకు వచ్చిన కుర్ర దొరలకు ఇక్కడి భాషలు నేర్పడానికి 1812లో సెంట్ జార్జి కోట కళాశాల పెట్టారు. అక్కడ తెలుగు, తమిళం, కన్నడం పక్కపక్కన నేర్పుతూ, మన పండితులతో కలిసి మాటలు పోల్చి చూస్తూ ఉండగానే కంపెనీ అధికారి ఎఫ్.డబ్ల్యూ. ఎల్లిస్‌కు విషయం బోధపడింది. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో ఒక కుటుంబానికి చెందుతుందని 1816లో కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో ఆయన చూపించాడు. ద్రావిడ భాషల మీద కాల్డ్‌వెల్ గ్రంథం రావడానికి అది 40 ఏళ్ల ముందు మాట. 1817లో అదే మద్రాసుకు వచ్చి అక్కడే తెలుగు అక్షరాలు దిద్దిన మరో కుర్రవాడు సి.పి. బ్రౌన్. ఆయన నిఘంటువు 1852లో వచ్చింది, ఇప్పటికీ మన బల్లల మీద ఉంది.

మెదడు సంగతి

1920ల నుంచి చాలా కాలం, రెండు భాషల మధ్య పెరిగే పిల్లలు వెనకబడతారని పాశ్చాత్య మనస్తత్వవేత్తలు నమ్మారు. 1962లో మాంట్రియల్‌లో ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్ట్ పదేళ్ల పిల్లల మీద చేసిన పరిశీలన ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది. కుటుంబ స్థితి వంటివి సరిచూసి పోలిస్తే ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ వచ్చిన పిల్లలే తెలివి పరీక్షల్లో ముందున్నారు. తరవాత టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్, రెండు భాషలవాళ్లు అనవసరమైనదాన్ని పక్కనపెట్టి కావలసినదాని మీద దృష్టి నిలపడంలో మెరుగని చూపించారు. వాళ్లకు మతిమరుపు వ్యాధి లక్షణాలు దాదాపు 4 ఏళ్లు ఆలస్యంగా బయటపడుతున్నాయని 2007లో వెల్లడించారు.

ఈ విషయంలో అందరూ ఉదహరించే అధ్యయనం హైదరాబాదుది. నిమ్స్ ఆస్పత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. అందులో 391 మందికి ఒకటి కంటే ఎక్కువ భాషలు వచ్చు. వీళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువుకోనివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. ఇది భాషల ఫలమా, చదువు ఫలమా అన్న అనుమానానికి తెలుగు, ఉర్దూ, దక్కనీ ఇంట్లోనూ బజారులోనూ కలిసిపోయే నగరమే జవాబివ్వగలిగింది. అయితే రెండు భాషలకు మించి మూడు నాలుగు వచ్చినంత మాత్రాన అదనపు లాభం కనబడలేదు.

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఆ రోగులు జీవితమంతా రెండు భాషల్లో బతికినవాళ్లు. వారానికి మూడు పిరియడ్ల ఫ్రెంచి అలాంటి ఫలితం ఇస్తుందని ఏ పరిశోధనా చెప్పలేదు. పైగా 2018లో 152 అధ్యయనాలను కలిపి లెక్కవేసిన విశ్లేషణలో, అనుకూల ఫలితాలే ఎక్కువగా అచ్చవుతున్న లోపాన్ని సవరిస్తే, పెద్దవాళ్లలో దృష్టి నిలిపే శక్తికి సంబంధించిన ఆ ఆధిక్యం నిలబడలేదు. విదేశీ భాష నేర్పితే పిల్లల ఐక్యూ పెరుగుతుందని కరపత్రాల్లో రాసే బడులు తమ దగ్గర లేని సరుకు అమ్ముతున్నాయి.

మాటలు, పుస్తకాలు

పోర్చుగీసు నేర్చుకునే తెలుగువాడికి తన ఇంట్లోని వస్తువులే ఎదురొస్తాయి. తువ్వాలు, బొత్తాం, బాల్చీ, పీపా, అనాస, మేస్త్రీ అన్నీ ఆ ఓడల్లో దిగినవే. తువ్వాలు అక్కడ ‘తొఆల్య’, బొత్తాం ‘బొతావ్’. చరిత్ర పుస్తకంలో వాస్కోడగామా పేరు చదివి మరచిపోయే పిల్లవాడికి, స్నానానికి వెళ్తూ భుజాన వేసుకున్న తువ్వాలులో 500 ఏళ్ల సముద్ర వ్యాపారం ఉందని తెలిస్తే అది మరపురాదు.

సాహిత్యానికి జరిగే మేలు ఇంకా పెద్దది. బయటి దేశాల పుస్తకాలు తెలుగులోకి ఎక్కువగా ఇంగ్లీషు మీదుగానే వస్తున్నాయి. ఫ్రెంచి కథ ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి రంగు వెలిసి మన చేతికి అందుతుంది. ఒకప్పుడు మాస్కోలో కూర్చుని ఉప్పల లక్ష్మణరావు వంటివాళ్లు రష్యన్ పుస్తకాలను తెలుగు చేస్తే, రెండు మూడు తరాల పాఠకులు వాటి మీద పెరిగారు. అటువంటి అనువాదకులు అప్పటికప్పుడు తయారుకారు. పన్నెండేళ్ల వయసులో బడిలో ఒక భాష రుచి చూసినవాళ్లలోంచే వందకో వెయ్యికో ఒకరు వస్తారు. కొరియన్ సీరియళ్లు ఇంతమంది చూస్తున్న రోజుల్లో, కొరియన్ నవలను నేరుగా తెలుగు చేయగలవాళ్లను తయారు చేసుకోవడం మన బడుల చేతిలో పనే.

ఉపాధి

విదేశీ భాషకు కచ్చితమైన ధర పలికే ఉద్యోగాలున్నాయి. జర్మనీలో నర్సుగా పూర్తి గుర్తింపు రావాలంటే సాధారణంగా బి2 స్థాయి జర్మన్ కావాలి. వృద్ధుల సంఖ్య పెరిగి పనివాళ్లు చాలని జపాన్ 2019 ఏప్రిల్ నుంచి ప్రత్యేక నైపుణ్య కార్మికుల వీసా ఇస్తోంది, దానికి జపనీస్‌లో ఎన్4 అనే ప్రాథమిక స్థాయి లేదా సమానమైన పరీక్ష పాసవ్వాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్, జపనీస్ నేర్పించి పంపుతోంది. ఇరవై రెండేళ్లు దాటాక, ఉద్యోగం కోసం నెలల తరబడి రాత్రింబగళ్లు కొత్త భాషతో కుస్తీ పట్టే ఆ అమ్మాయిలకు బడిలో ఏ ఒక్క విదేశీ భాషైనా ఎ2 దాకా వచ్చి ఉంటే సగం భారం తగ్గేది. ఒక పరభాష నేర్చుకున్నవాళ్లకు రెండోది నేర్చుకునే కిటుకు తెలుస్తుంది.

ఊళ్లోనే ఉండి పనికొచ్చే సందర్భాలూ ఉన్నాయి. పెనుకొండ దగ్గరి కియా కార్ల కర్మాగారంలో 2019 నుంచి ఉత్పత్తి జరుగుతోంది, శ్రీసిటీలో ఇసుజు మొదలైన జపాన్ కంపెనీలు పనిచేస్తున్నాయి. ఇంజనీర్లు ఇంగ్లీషుతో నెట్టుకొస్తారు. కానీ కొరియా నుంచి వచ్చిన పెద్ద మేస్త్రీకీ, రాయలసీమ నుంచి చేరిన ఐటీఐ కుర్రవాడికీ మధ్య ఇంగ్లీషు ఇద్దరికీ సగం సగమే. అక్కడ పది కొరియన్ వాక్యాలు వచ్చినవాడి విలువ వేరు.

వయసు, గంటలు

చిన్నప్పుడే మొదలుపెడితే మంచిదన్న మాట సగమే నిజం. ఇంట్లో, వీధిలో భాష వినపడే చోట చిన్నపిల్లలదే పైచేయి, ముఖ్యంగా ఉచ్చారణలో. బడిలో మాత్రమే వినపడే భాషకు ఈ లెక్క వర్తించదు. బార్సిలోనాలో కార్మెన్ మున్యోజ్ బృందం ఎనిమిదేళ్లకు మొదలుపెట్టిన పిల్లలనూ, పదకొండేళ్లకు మొదలుపెట్టినవాళ్లనూ ఏళ్ల తరబడి పరిశీలించింది. అన్నే గంటల బోధన తరవాత చూస్తే పెద్దపిల్లలే ముందున్నారు. కనుక ఒకటో తరగతిలో ఫ్రెంచి లేదని బెంగ అక్కర్లేదు. ఆరో తరగతి మంచి వయసే.

అసలు చిక్కు గంటల దగ్గర ఉంది. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకు భాషలు నేర్పిన అనుభవంతో వేసిన అంచనా ప్రకారం ఇంగ్లీషువాళ్లకు ఫ్రెంచి, స్పానిష్ వృత్తి స్థాయిలో రావడానికి 600 నుంచి 750 తరగతి గంటలు, తెలుగు, హిందీ, రష్యన్‌లకు 1,100, జపనీస్, చైనీస్, కొరియన్, అరబిక్‌లకు 2,200 గంటలు కావాలి. మన ప్రైవేటు బడి లెక్క చూడండి. వారానికి 40 నిమిషాల పిరియడ్లు మూడు, అంటే రెండు గంటలు. ఏడాదికి 35 వారాలు పాఠాలు జరిగితే 70 గంటలు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు కలిపి 210. బాగా నేర్పితే ఎ2 అంచుకు చేరతారు. తొమ్మిదో తరగతిలో వదిలేస్తే రెండేళ్లలో అదీ పోతుంది.

గంటలు పెంచడానికి కెనడా వాళ్లు ఒక దారి కనిపెట్టారు. 1965లో మాంట్రియల్ పక్కనే ఉన్న సెంట్ లాంబర్ట్‌లో ఇంగ్లీషు మాట్లాడే తల్లిదండ్రులు పట్టుబట్టి, తమ పిల్లలకు మొదటి నుంచీ పాఠాలన్నీ ఫ్రెంచిలోనే చెప్పే తరగతి పెట్టించారు. ఆ పిల్లల ఫ్రెంచి ఎంతో మెరుగైంది, ఇంగ్లీషు గాని లెక్కలు గాని దెబ్బతినలేదు. ఇది చూపించి మన దగ్గర ఇంగ్లీషు మీడియాన్ని సమర్థించేవాళ్లున్నారు. అది సరికాదు. అక్కడి పిల్లల ఇంగ్లీషుకు ఇంట్లో, ఊళ్లో, దేశంలో తిరుగులేని బలం ఉంది, బడి వదిలేసినా ఆ భాషకు ఏమీ కాదు. తెలుగుకు ఆ బలం లేదు.

లక్సెంబర్గ్‌లో సంప్రదాయంగా పిల్లలు లక్సెంబర్గిష్ మాట్లాడుతూ బడిలో చేరి, జర్మన్‌లో అక్షరాలు నేర్చి, ప్రాథమిక దశలోనే ఫ్రెంచి మొదలుపెట్టి, ఉన్నత పాఠశాలకు వచ్చేసరికి చాలా పాఠాలు ఫ్రెంచిలో చదువుతారు. ఫిన్లాండ్ 2020 నుంచి మొదటి విదేశీ భాషను ఒకటో తరగతికే తెచ్చింది. ఇంగ్లండ్ దీనికి ఎదురు దారి పట్టి, 2004లో 14 ఏళ్లు దాటినవాళ్లకు విదేశీ భాష తప్పనిసరి కాదంది. చదివేవాళ్లు బాగా పడిపోయారు. 2014లో ఏడేళ్ల నుంచి తప్పనిసరి చేసినా ఆ నష్టం పూడలేదు.

మన బడుల్లో

తెలుగు నేలలో ఒక చిన్న ముక్కలో విదేశీ భాష కొత్తది కాదు. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో తెలుగు పిల్లలు బడిలో ఫ్రెంచి చదువుకున్నారు. భాషా బోధనకు దేశంలోని పెద్ద కేంద్రాల్లో ఒకటి హైదరాబాదులో ఉంది. 1958లో ఇంగ్లీషు ఉపాధ్యాయుల శిక్షణ కోసం పెట్టిన సంస్థ 1972లో విదేశీ భాషలనూ చేర్చుకుంది, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైంది. అందరూ ఇఫ్లూ అని పిలిచేది దాన్నే.

పాఠశాలల్లో మాత్రం విధానం నిలకడగా లేదు. 2011లో కేంద్రీయ విద్యాలయాలు జర్మన్‌ను మూడో భాషగా పెట్టాయి. సంస్కృతాన్ని తప్పించి జర్మన్ పెట్టడం త్రిభాషా సూత్రానికి విరుద్ధమని 2014లో, విద్యా సంవత్సరం మధ్యలో, కేంద్రం దాన్ని తీసేసింది. సుమారు 70 వేల మంది పిల్లలు చదువుతున్న భాష అది. నిర్ణయం మీద రెండు వైపులా వాదనలుండవచ్చు, ఏడాది మధ్యలో పిల్లల చేతిలోంచి పుస్తకం లాక్కోవడం మాత్రం తప్పే. 2020 జాతీయ విద్యా విధానం కొరియన్, జపనీస్, థాయ్, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, పోర్చుగీసు, రష్యన్ భాషలను ఉన్నత పాఠశాల స్థాయిలో నేర్పవచ్చంది. ముసాయిదాలో ఉన్న చైనీస్ చివరి పాఠంలో లేదు. 2023 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడు భాషల్లో కనీసం రెండు భారతీయ భాషలుండాలంది. ఇంగ్లీషు ఆ లెక్కలో భారతీయ భాష కాదు. అంటే తెలుగు, హిందీ, ఇంగ్లీషు చదివే పిల్లవాడికి ఫ్రెంచి నాలుగో భాష అవుతుంది. ఇంగ్లీషును వదులుకునే తల్లిదండ్రులు లేరు కాబట్టి, విదేశీ భాషకు కాగితం మీద ఉన్న చోటు తరగతిలో దొరకదు.

ఇంటర్మీడియెట్‌లో మరో రకం అన్యాయం జరుగుతోంది. తెలుగు వదిలి సంస్కృతమో ఫ్రెంచో తీసుకునే పిల్లల్లో ఎక్కువమంది ఆ భాష మీద ఇష్టంతో కాదు, మార్కులు సులువని తీసుకుంటున్నారు. రెండేళ్ల తరవాత నూటికి తొంభై ఎనిమిది మార్కులొచ్చిన పిల్లవాడు ఆ భాషలో దారి అడగలేడు. తెలుగూ పోయింది, ఫ్రెంచీ రాలేదు.

ఇతర దేశాల బడుల్లో తెలుగు

మనకు ఫ్రెంచి ఎలాగో, కొందరు పిల్లలకు తెలుగు అలా బడిలో నేర్చుకునే భాష. మారిషస్‌లో 19వ శతాబ్దంలో చెరకు తోటలకు వెళ్లినవాళ్ల వారసులు ఇళ్లలో క్రియోల్ మాట్లాడుతూ, ప్రభుత్వ బడుల్లో తెలుగు పాఠం చదువుతున్నారు. దక్షిణాఫ్రికాలో 1931 నుంచి ఆంధ్ర మహాసభ తెలుగును నిలబెట్టుకొచ్చింది. అమెరికాలో శని, ఆదివారాల్లో మనబడి తెలుగు తరగతులకు వచ్చే పిల్లలకు కూడా మేము, మనం తేడా దగ్గరే ముడి పడుతుంది, ఇటు నుంచి కాదు, అటు నుంచి. కాకినాడ పిల్ల ఫ్రెంచి క్లాసులో పోగొట్టుకున్న మాటను డాలస్ పిల్ల తెలుగు క్లాసులో కొత్తగా సంపాదించుకుంటుంది.

ఆరో తరగతిలో విదేశీ భాష ఎంచుకునే ఫారం ఇంటికి వచ్చినప్పుడు, సంతకం పెట్టే ముందు తల్లిదండ్రులు బడివాళ్లను కొన్ని విషయాలు అడగాలి. వారానికి ఎన్ని పిరియడ్లు? పదో తరగతి దాకా సాగుతుందా, ఎనిమిదితో ఆగిపోతుందా? పరీక్షలో పిల్లలు నోరు విప్పి మాట్లాడే భాగం ఉందా? చెప్పేవాళ్లు ఆ భాషలో పది నిమిషాలు మాట్లాడగలరా? అన్నిటికంటే ముందు, టైంటేబుల్లో తెలుగుకు ఎన్ని పిరియడ్లు మిగిలాయి? ఆ చివరి ప్రశ్నకు సరైన జవాబు రాకపోతే, విదేశీ భాష వద్దని ఫారం వెనక్కి పంపండి.